పబ్లిక్ హెల్త్ వైపు వెళ్లాలంటే ఇంటర్ తర్వాత ఏ డిగ్రీ? వరంగల్ విద్యార్థుల కోసం ఒక పోలిక

నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదని తేలిన మర్నాటి నుంచే మన ఇళ్లలో ఒక జాబితా తయారవుతుంది. బీడీఎస్, ఆయుర్వేదం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, చివరికి అగ్రికల్చర్. కరోనా తర్వాత ఆ జాబితాలో పబ్లిక్ హెల్త్, అంటే ప్రజారోగ్యం, అనే పేరు కూడా చేరింది. బైపీసీ పిల్లలే కాదు, ఎంఈసీ, సీఈసీ చదివినవాళ్లు కూడా హెల్త్ పాలసీ గురించి అడుగుతున్నారు. సంతోషమే. కానీ ఈ పేరు పెట్టుకున్న కోర్సులకూ, ఈ రంగంలో నిజంగా దొరికే ఉద్యోగాలకూ మధ్య చాలా ఎడం ఉంది. ఫీజు కట్టాక అది తెలిస్తే లాభం లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన రాష్ట్ర పరిస్థితుల్లో డిగ్రీలోనే పబ్లిక్ హెల్త్ పట్టా కోసం లక్షలు పోసి దూరం వెళ్లడం కన్నా, ఒక గట్టి పని చేతికి వచ్చే డిగ్రీని దగ్గర్లో తక్కువ ఖర్చుతో పూర్తి చేసి, పీజీలో మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అంటే ఎంపీహెచ్, చేయడం మేలు. ఆ గట్టి పని ఏదన్నదే అసలు ప్రశ్న. అది మీ ఇంటర్ గ్రూపును బట్టీ, మీ స్వభావాన్ని బట్టీ మారుతుంది.

పోల్చడానికి ఒక సమస్య

దారులన్నిటినీ ఒకే కొలతతో చూడాలంటే మన రాష్ట్రానిదే ఒక సమస్య తీసుకుందాం. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశం మొత్తం మీద అది 21.5 శాతమే. మన దగ్గర ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5 శాతం, ప్రైవేటులో 81.5 శాతం. సిజేరియన్లు 10 నుంచి 15 శాతం దాటనవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది.

ఇందులో వైద్యం ఒక్కటే లేదు. డబ్బుంది. పంతులుగారు పెట్టిన ముహూర్తం ఉంది. నొప్పులంటే భయం ఉంది. మొదటి కాన్పు కోత అయితే రెండోదీ కోతేనన్న నమ్మకం ఉంది. లేబర్ రూములో రాత్రంతా పక్కన ఉండి ధైర్యం చెప్పే మనిషి లేకపోవడం ఉంది. పబ్లిక్ హెల్త్ అంటే ఈ చిక్కుముడిని విప్పే పని. మీరు ఏ డిగ్రీ చేస్తారన్నది ఈ ముడిలో ఏ పోగు మీ చేతికి వస్తుందో నిర్ణయిస్తుంది.

పేరులోనే పబ్లిక్ హెల్త్ ఉన్న డిగ్రీ

బీఎస్సీ పబ్లిక్ హెల్త్, బ్యాచిలర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ అనే పేర్లతో దేశంలో కొన్ని విశ్వవిద్యాలయాలు కోర్సులు నడుపుతున్నాయి. వీటిలో ఎపిడెమియాలజీ (జనంలో జబ్బులు ఎలా వ్యాపిస్తాయో చూసే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు), పర్యావరణ ఆరోగ్యం, పోషకాహారం, ఆరోగ్య ఆర్థికశాస్త్రం, చట్టాలు, ఆస్పత్రి నిర్వహణ అన్నీ ఉంటాయి. పెళ్లి భోజనంలో విస్తరి నిండా వడ్డిస్తారు, ఏదీ కడుపు నిండా తినలేం. ఈ డిగ్రీ సంగతీ అంతే. మన సిజేరియన్ల సమస్య తీసుకుంటే, ఇది చదివిన విద్యార్థికి అన్ని పోగుల పేర్లూ తెలుస్తాయి, ఒక్కటైనా సొంతంగా లాగడం రాదు.

ఇది కోర్సు తప్పు కాదు. ఉద్యోగాల అమరికే అలా ఉంది. జాతీయ ఆరోగ్య మిషన్ కింద జిల్లాల్లో వెలువడే నోటిఫికేషన్లు నాలుగైదు తీసి చదవండి. ఎపిడెమియాలజిస్టు పోస్టుకు సాధారణంగా వైద్య డిగ్రీ మీద పీజీనో, ఎంపీహెచ్‌నో అడుగుతారు. డేటా పోస్టులకు స్టాటిస్టిక్స్ లేదా కంప్యూటర్ అర్హత అడుగుతారు. పల్లె దవాఖానాల్లో మిడ్ లెవెల్ పోస్టులకు నర్సింగ్ లేదా ఆయుర్వేదం కావాలి. ఒట్టి పబ్లిక్ హెల్త్ డిగ్రీతో నేరుగా సరిపోయే పోస్టులు తక్కువ.

మరి ప్రజారోగ్యానికి ప్రత్యేక కేడర్ వస్తుందంటున్నారు కదా అనవచ్చు. నిజమే. ప్రతి రాష్ట్రంలో పబ్లిక్ హెల్త్ మేనేజ్‌మెంట్ కేడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది, 2022లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కానీ ఆరోగ్యం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని అంశం. కేంద్రం కాగితం రాస్తుంది, పోస్టులు మంజూరు చేయాల్సింది రాష్ట్రం. మంజూరు కాని పోస్టును నమ్ముకుని అప్పు చేయమని ఏ తల్లిదండ్రులకూ నేను చెప్పను.

ఈ డిగ్రీ ఎవరికి పనికొస్తుంది? ఎలాగైనా ఎంపీహెచ్ దాకా వెళ్లడం ఖాయమని నిశ్చయించుకుని, ఇంటి నుంచి ఐదేళ్లు చదువు ఖర్చు భరించే వీలున్నవాళ్లకు. వాళ్లకు పీజీలో మొదటి ఏడాది తేలికవుతుంది. అంతకు మించి లాభం నాకు కనిపించలేదు.

నర్సింగ్‌ను చిన్నచూపు చూడకండి

మన వైపు మధ్యతరగతి ఇళ్లలో నర్సింగ్ అనగానే ముఖం చిట్లించే అలవాటు ఇంకా పోలేదు. ఆడపిల్లలకైతే కేరళ మాట ఎత్తుతారు, మగపిల్లలకైతే అసలు మాటే ఎత్తరు. ప్రజారోగ్యం వైపు వెళ్లాలనుకునే బైపీసీ విద్యార్థికి నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చాలా బలమైన పునాది. కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ పాఠ్యాంశంలోనే ఉంటుంది. పల్లెలో పోస్టింగ్ తప్పనిసరి. చదువు అయ్యాక ఎంపీహెచ్‌కు వెళ్లకపోయినా చేతిలో ఉద్యోగం ఉంటుంది. స్టాఫ్ నర్సు, పల్లె దవాఖాన, విదేశాలు, ఏ దారైనా తెరిచే ఉంటుంది.

పాలసీ అంటే సచివాలయంలో ఏసీ గదిలో తయారయ్యేదని అనుకునేవాళ్లు ఒక బుధవారం ఏదైనా సబ్‌సెంటర్‌కు వెళ్లి కూర్చోవాలి. మన దగ్గర బుధ, శనివారాలు టీకాల రోజులు. ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం పక్కన నీలిరంగు వ్యాక్సిన్ క్యారియర్, అందులో ఐస్ ప్యాకులు. ప్రతి సీసా మీద చిన్న గుండ్రటి గుర్తు, దాని నడుమ చతురస్రం. వేడి తగిలేకొద్దీ ఆ చతురస్రం నల్లబడుతుంది. చుట్టూ ఉన్న వలయమంత ముదురైతే ఆ సీసా పారేయాల్సిందే. తట్టు టీకా పొడిగా వస్తుంది. ద్రావకం కలిపాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి. ఒక సీసాలో ఎన్నో డోసులు ఉంటాయి, ఆ రోజు వచ్చింది మాత్రం ఒకే బిడ్డ. ఏం చేయాలి? ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నది నియమం. మిగిలింది వృథా అవుతుందని వచ్చే వారం రమ్మంటే, కూలి మానుకుని వచ్చిన ఆ తల్లి మళ్లీ రాకపోవచ్చు. వృథా ఎక్కువైతే పైనుంచి ఎందుకని అడుగుతారు. నష్టాన్ని భరించి బిడ్డను వదలకుండా ఉండాలన్న ఆ ఎంపికే ఆరోగ్య విధానం. అది ఏఎన్ఎం చేతి మీదుగా అమలవుతుంది. ఈ సంగతి ఒంటికి పట్టిన మనిషి తర్వాత ఎంపీహెచ్ తరగతిలో కూర్చుంటే పాఠం వేరుగా వినిపిస్తుంది.

సిజేరియన్ల విషయంలోనూ అంతే. సహజ కాన్పులు పెంచడానికి ప్రభుత్వం నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ, అంటే కాన్పు చేయించే పనిలో, శిక్షణ ఇప్పించి ఆస్పత్రుల్లో నియమిస్తోంది. రాత్రంతా పక్కన ఉండే ఆ మనిషి పోగు నర్సింగ్ చదివినవాళ్ల చేతిలోనే ఉంది.

ఇబ్బందులూ ఉన్నాయి. రాత్రి డ్యూటీలు, ప్రైవేటులో మొదట్లో తక్కువ జీతం, వార్డులో ఎవరైనా కసిరితే పడాల్సి రావడం. ఇవి ఓర్చుకోలేరనుకుంటే వద్దు.

లెక్కలు వచ్చినవాళ్లకు: స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్

ఇంటర్‌లో ఎంపీసీ, ఎంఈసీ చదివి ఆరోగ్య రంగం మీద మనసున్న పిల్లలకు ఎవరూ ఈ దారి చెప్పరు. నా లెక్కలో ఇదే అన్నిటి కన్నా మంచి బేరం. హన్మకొండలోనే సుబేదారి యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, కాకతీయ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, ఆడపిల్లలకు పింగిళి కాలేజీ ఉన్నాయి. కరీంనగర్‌లో ఎస్సారార్, నిజామాబాద్‌లో గిరిరాజ్ ఉన్నాయి. డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో కేటాయించే దోస్త్‌లో వెతికి స్టాటిస్టిక్స్ గానీ ఎకనామిక్స్ గానీ ఉన్న కాంబినేషన్ ఎంచుకోండి. ప్రభుత్వ కాలేజీలో డిగ్రీ ఖర్చు, దూరపు ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టర్ హాస్టల్ ఖర్చంత కూడా కాదు.

60.7 అన్న అంకె దగ్గరికే మళ్లీ వద్దాం. ఇది చూడగానే డాక్టర్లందరూ డబ్బు కోసం కోస్తున్నారని తేల్చేయడం సులువు. లెక్క తెలిసినవాడు ఆగుతాడు. ప్రైవేటులో 81.5 శాతం అంటే, ప్రైవేటుకు వెళ్లేవాళ్లలో క్లిష్టమైన కాన్పులు ఎక్కువా, లేక ముందే కోతకు నిశ్చయించుకున్నవాళ్లే అక్కడికి వెళ్తున్నారా? మొదటి కాన్పుల్ని విడదీస్తే అంకె ఎంత? నొప్పులు మొదలయ్యాక తీసుకున్న నిర్ణయాలెన్ని, ముందే తారీఖు పెట్టుకున్నవెన్ని? ఈ ప్రశ్నలు వేసి, సర్వే డేటా దింపుకుని, జవాబు రాబట్టగలిగినవాళ్లు మన రాష్ట్రంలో చాలా తక్కువ. కొరత ఉన్న చోటే విలువ ఉంటుంది.

ఈ డిగ్రీ తర్వాత మంచి మెట్టు ముంబైలోని ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్. 1956లో పుట్టిన ఆ సంస్థే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు నడిపిస్తుంది. జనాభా అధ్యయనాల్లో, బయోస్టాటిస్టిక్స్‌లో అక్కడ పీజీలు ఉన్నాయి. ఎకనామిక్స్ వైపు వెళ్లేవాళ్లకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాతే చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. దానికి సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి.

పాలసీలో ఆర్థికశాస్త్రం ఎందుకంటే ఆరోగ్యశ్రీ చూడండి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితి ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెరిగింది. పరిమితి పెంచితే పేదవాడి జేబుకు భారం తగ్గుతుందా? గుండె ఆపరేషన్ విషయంలో తగ్గవచ్చు. కానీ ఈ పథకం ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకే. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే తల్లి నెలనెలా కొనుక్కునే షుగర్, బీపీ మాత్రలు అందులో రావు. వాటికి పీహెచ్‌సీలో మందులు నిల్వ ఉండాలి, అదీ ఆమె పనికి అడ్డం రాని వేళలో ఇవ్వాలి. ఒక రూపాయి ఆపరేషన్‌కు పెట్టాలా, మాత్రలకు పెట్టాలా అన్న వాదనలో అంకెలతో మాట్లాడేవాడి మాటే చెల్లుతుంది.

లోటు ఒక్కటే. డిగ్రీ అంతా గడిచినా ఒక్క రోగి ముఖం చూడరు. వేసవి సెలవుల్లో ఏదైనా సర్వేలో ఇంటింటికీ తిరిగే పని దొరికితే జీతం చూసుకోకుండా చేరండి.

సోషల్ వర్క్, సోషియాలజీ, ఆంత్రపాలజీ

ఇవి సీఈసీ, హెచ్‌ఈసీ వాళ్లకు సహజమైన దారులు. ఏటూరునాగారం, ఉట్నూరు ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలో పనిచేయాలన్న కోరిక ఉంటే ఇవే సరైనవి కూడా. వానాకాలం వాగులు పొంగితే గూడెం నుంచి గర్భిణిని ముందే ఆస్పత్రికి దగ్గరగా చేర్చాలి. ఆమె, ఆమె అత్తగారు, గూడెం పెద్ద ఒప్పుకోకపోతే అంబులెన్సు ఉన్నా లాభం లేదు. కోయ, గోండి మాటలు వచ్చిన మనిషికి అక్కడ ఉన్న విలువ పట్టాకు లేదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్త వ్యాధి సికిల్ సెల్. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కూడా ప్రధానంగా ఆదివాసీ ప్రాంతాల మీదే నడుస్తోంది. రక్తపరీక్ష చేయడం తేలికే. ఫలితం తెలిశాక పెళ్లి సంబంధాల విషయం ఆ కుటుంబాలతో మాట్లాడటమే కష్టం.

ఈ దారిలో జీతాలు తక్కువ, ఉద్యోగాలు ఎక్కువగా స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టుల మీద ఆధారపడతాయి, ప్రాజెక్టు ముగిస్తే వెతుకులాట మళ్లీ మొదలు. దాచాల్సిన పని లేదు.

మిగిలినవి, టూకీగా

ఆయుర్వేదం, హోమియో, బీడీఎస్ చేసి ఎంపీహెచ్‌కు వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. వరంగల్‌లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. వైద్యం మీద ఇష్టంతో వెళ్లండి. పబ్లిక్ హెల్త్ కోసమే అయితే ఐదు, ఐదున్నరేళ్లు మరీ ఎక్కువ.

హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీని పబ్లిక్ హెల్త్‌తో కలిపి చెప్పే ఏజెంట్ల మాట నమ్మకండి. రెండూ వేరు. మొదటిది ఆస్పత్రి సజావుగా నడవడం కోసం. బిల్లింగ్, బీమా క్లెయిములు, బెడ్ల లెక్క, నాణ్యతా ప్రమాణాలు దాని పని. ఉద్యోగం త్వరగా దొరుకుతుంది, నిజమే. కానీ జనం ఆస్పత్రికి రాకుండా చూడటం దాని లక్ష్యం కాదు.

ఎంబీబీఎస్ సీటు వచ్చినవాళ్లకు ఈ పోలికే అవసరం లేదు. పిల్లలు ఎస్పీఎం అని పిలుచుకుని పరీక్ష ముందు రోజు మాత్రమే తెరిచే కమ్యూనిటీ మెడిసిన్ పుస్తకాన్ని కాస్త ముందుగా తెరవండి, చాలు. జిల్లా వైద్యారోగ్య శాఖ అధికారి కుర్చీ ఇప్పటికీ డాక్టర్లదే.

అమెరికా సంగతి

మన దగ్గర ఏ చదువు మాట వచ్చినా ఇది రాక తప్పదు. అక్కడ పబ్లిక్ హెల్త్ డిగ్రీ చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం చాపెల్ హిల్‌లో హెల్త్ పాలసీ అండ్ మేనేజ్‌మెంట్‌లోనే నాలుగేళ్ల డిగ్రీ ఇస్తారు. బోధన బాగుంటుంది, సందేహం లేదు. అయితే వాళ్ల పాలసీ పాఠమంతా 1965లో వచ్చిన మెడికేర్, మెడికెయిడ్ చుట్టూ, యజమాని ఇచ్చే బీమా చుట్టూ, 2010 నాటి ఒబామా చట్టం చుట్టూ తిరుగుతుంది. అక్కడే స్థిరపడతారా, సరే. తిరిగి వచ్చి ములుగులోనో మంచిర్యాలలోనో పనిచేయాలనుకుంటే అందులో సగం ఇక్కడ పనికిరాదు. ఎపిడెమియాలజీ, గణాంకాలు మాత్రం ఎక్కడైనా ఒకటే. వాటి కోసం వెళ్లేదుంటే డిగ్రీకి కాక మాస్టర్స్‌కు వెళ్లండి. ఖర్చు సగానికి తగ్గుతుంది, వయసు కూడా నిలదొక్కుకునే వయసు. ఒక్క జాగ్రత్త. అక్కడి కొన్ని విశ్వవిద్యాలయాలు మన మూడేళ్ల డిగ్రీని ఒప్పుకోవు. వెళ్లే ఆలోచన ఉంటే నాలుగేళ్ల డిగ్రీ ఎంచుకోవడం క్షేమం.

చేరే ముందు చూసుకోవాల్సినవి

కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం మన వరంగల్‌లోనే ఉంది కాబట్టి అన్నీ ఇక్కడే దొరుకుతాయని కొందరు అనుకుంటారు. అది ప్రధానంగా అనుబంధ కాలేజీలకు పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ. నర్సింగ్, ఫిజియోథెరపీ, అలైడ్ హెల్త్ కోర్సుల్లో చేరేటప్పుడు కాలేజీకి దాని అనుబంధం ఉందో లేదో చూడండి. అనుబంధం వస్తుందని చెప్పే కాలేజీలో చేరకండి. వచ్చాక చేరవచ్చు.

2021లో వచ్చిన అనుబంధ వైద్య వృత్తుల జాతీయ చట్టం ప్రకారం, ఆ వృత్తుల్లో హెల్త్‌కేర్ ప్రొఫెషనల్‌గా గుర్తింపు రావాలంటే చదువు 3,600 గంటలకు తగ్గకూడదు. కోర్సు పేరు ఆ చట్టం జాబితాలో ఎక్కడుందో చూపించమని కాలేజీవాళ్లను అడగండి. పబ్లిక్ హెల్త్ పేరుతో వచ్చే కోర్సుల విషయంలో ఈ ప్రశ్నకు చాలా చోట్ల నీళ్లు నములుతారు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా, కన్వీనర్ కోటా ఉందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. రాష్ట్రం దాటితే ఈ సౌకర్యాల మీద ఆశ పెట్టుకోకండి. క్షేత్ర శిక్షణ ఏ పీహెచ్‌సీలో, ఎన్ని వారాలు, ఎవరి పర్యవేక్షణలో ఇస్తారో అడగండి. గోడ మీద ఒప్పంద పత్రాల ఫొటోలు చూపిస్తే సరిపోదు, కిందటేడాది వెళ్లిన విద్యార్థితో మాట్లాడించమనండి.

పీజీ గురించి ఇప్పుడే ఆలోచించాలా అంటే, ఆలోచించాలి. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీలోనూ, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోనూ ఎంపీహెచ్ ఉంది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో ఆరోగ్య విధానం, ఆర్థికశాస్త్రాల మీదే ప్రత్యేకంగా ఎంపీహెచ్ ఉంది. కొన్ని సంస్థలు ఏ డిగ్రీ ఉన్నా తీసుకుంటాయి, కొన్ని సైన్సు లేదా వైద్య సంబంధ డిగ్రీ అడుగుతాయి, కొన్ని ఉద్యోగానుభవానికి మొగ్గు చూపుతాయి. మీకు నచ్చిన రెండు మూడు సంస్థల అర్హత నిబంధనలు ఈ వేసవిలోనే తెరిచి, ఇంటర్ తర్వాత చేయబోయే డిగ్రీ వాటికి సరిపోతుందో లేదో సరిచూసుకోండి. దోస్త్ మొదటి విడత వెబ్ ఆప్షన్లు పెట్టే లోపే ఆ పని ముగించాలి. సీటు కేటాయించాక గ్రూపు మార్చుకోవడానికి తిరిగే తిరుగుడు అంతా ఇంతా కాదు.